ఇల్లు జర దూరమైంది

కొత్తవాడలో తెల్లవారడం పంజా దెబ్బలతోనే మొదలయ్యేది. మగ్గం మీద పేక దారం అటు నుంచి ఇటు లాగి, ఇనుప పళ్ళున్న పంజాతో దిగ్గొట్టి బిగిస్తేనే జంపఖానాకు గట్టిదనం వస్తుంది. ఆ చప్పుడు ఇంటింటి నుంచీ లేచి, నూలు నుసితో కలిసి, వాడ మీద పొగమంచులా తేలేది. ఏ చప్పుడు ఎవరి చేతిదో లక్ష్మీనర్సయ్య కళ్ళు మూసుకునే చెప్పేవాడు. జర్మనీ జంగు అనే పెద్ద యుద్ధం నడుస్తున్న ఆ ఏళ్ళలో ఒక వానాకాలం మాత్రం అతను మంచం మీద పడుకునే వినాల్సి వచ్చింది.

వెడల్పు జంపఖానా ఒక్కడి వల్ల అయ్యేది కాదు. ఒకే పలక మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయాలి. ఎడమ పక్క లక్ష్మీనర్సయ్య, కుడి పక్క అతని బావమరిది మొగిలయ్య. మీసాలు రాని వయసు నుంచీ ఇద్దరిదీ అదే పలక. రెండు పంజాలూ ఎంత కలిసి పడేవంటే, బయట నిలబడి వింటే లోపల ఒక్కడే నేస్తున్నాడనిపించేది. అట్లాంటిది ఒక సాయంత్రం లేవబోతే లక్ష్మీనర్సయ్య నడుము పట్టేసింది. మడిచిన కాళ్ళు మడిచినట్టే ఉండిపోయాయి. మొగిలయ్యే ఎత్తుకొచ్చి ఇంట్లో పడుకోబెట్టాడు.

తైలాలు రాశారు, కాపడాలు పెట్టారు. లేచి నిలబడగలిగాడు గానీ పలక మీద కూర్చోలేకపోయాడు. చివరికి దవాఖానకు తీసుకుపోతే హకీం సాబ్ వెన్ను పొడుగునా నొక్కి చూసి, "కూసోని కూసోని బిగుసుకపోయినవ్. నీ దవా నీ కాళ్ళల్లనే ఉన్నది. రోజూ పొద్దుగాల నడువు," అన్నాడు.

"ఏడిదాక నడవాలె సాబ్?"

"ఏడిదాకనన్న. మళ్ళ ఇంటికి రావాలె, అంతే."

"తెచ్చేదేంది మరి?"

"ఏం తేవద్దు. ఊకె నడువు."

లక్ష్మీనర్సయ్యకు ఇది మింగుడు పడలేదు. నూలు కోసం నడిచాడు. పెళ్ళిళ్ళకు నడిచాడు, కాటికి నడిచాడు. ఊకె ఎట్లా నడుస్తారు?

మొగిలయ్య వచ్చి గోడ వైపు చూస్తూ మాట్లాడాడు. "బావా, మగ్గం మీద పెద్ద పడుగు ఎక్కి ఉన్నది. షావుకారు రోజూ మనిషిని తోలుతాండు. బతుకమ్మ పండుగ దాక ఆపుత. ఆ ఎనుక నీ జాగల ఇంకోణ్ని కూసోబెట్టాలె."

"కూసోబెట్టు. వాని పంజా నీ పంజాతోని కలుస్తదా?"

"కలువది. గందుకే లేవుమంటాన."

ఆ మాట లోపల దిగింది. మరునాడు చీకటితోనే లక్ష్మీనర్సయ్య రుమాలు చుట్టుకుని గడప దాటాడు. వాడ మలుపు దాకా పోయాడో లేదో, అరుగు మీద నుంచి ముసలి కట్టమ్మ పలకరించింది.

"ఏడికి బిడ్డా?"

బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడగరు. అడిగితే పోయే పని చెడుతుంది. తెలుసుకోవాలని మరీ ఉంటే 'దూరమా?' అంటారు. ఈ సంగతి వాడలో పాకే పిల్లలకు కూడా తెలుసు. కట్టమ్మకు మాత్రం తల నెరిసినా అబ్బలేదు. అడ్డం పడ్డ మాటకు విరుగుడు ఒకటే. వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి.

లక్ష్మీనర్సయ్య వెనక్కి వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. కూర్చున్నాడు. నీళ్ళు తాగేలోపు మిల్లు కూత వినబడింది, వెలుగొచ్చింది, జనం లేచారు. ఇంత పొద్దెక్కినాక పని లేనోడిలా వాడలో తిరగడం ఏం బాగుంటుందని ఆగిపోయాడు. తర్వాతి పొద్దున కూడా అంతే. ఇంకా ముందు లేస్తే ముసలామె అంతకన్నా ముందే లేచి ఉండేది.

"గామెకు నిద్ర లేదు, నాకు నడక లేదు," అని భార్య యాదవ్వతో మొత్తుకునేవాడు.

ఈ ముచ్చట తర్వాతి కాలంలో ఎప్పుడు చెప్పినా యాదవ్వ సరిగ్గా ఇక్కడ ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేది. ఎందుకంటే ఆ తర్వాత కట్టమ్మ రఘునాథపల్లిలో ఉన్న కూతురి దగ్గరికి పోయింది. అరుగు ఖాళీ. ఆ పొద్దున యాదవ్వ తలుపు సందులోంచి చూస్తూ నిలబడింది. మొగుడు మలుపు దాకా పోయాడు. ఖాళీ అరుగు ముందు ఆగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరో పిలుస్తారన్నట్టు చాలాసేపు నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. మెల్లగా వెనక్కి తిరిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు.

యాదవ్వ నీళ్ళ చెంబు అందిస్తూ, "ఇయ్యాల ఎవలడిగిండ్రు?" అంది.

అతను చెంబు అందుకుని కింద పెట్టాడు. "చేతిల నూలు లేకుంట, నెత్తిన మూట లేకుంట నడుస్తాంటే, ఇగ వీనితోని పని లేదని మగ్గం మీదికెల్లి దింపేసినట్టే అనిపిస్తాంది," అన్నాడు.

యాదవ్వ ఎగతాళి చేయలేదు. పొయ్యి ముందు కూర్చుని జొన్న రొట్టె చరుస్తూ ఆలోచించింది. రొట్టె తిరగేస్తూ అడిగింది.

"నువ్వు మరిపెడ దిక్కు జంపఖానాలు అమ్మబోయి మళ్ళి వచ్చేటప్పుడు ఎవలన్న ఏడికని అడుగుతుండెనా?"

"అడుగుదురు. ఇంటికి అంటుంటి."

"అప్పుడు ఎనుకకు తిరిగి కాళ్ళు కడుక్కుంటివా?"

"ఇంటికి పోయెటోనికి ఏం అడ్డమే?"

"గంతే మరి. రేపటి సంది గడప దాటంగనే ఇంటికి పోతాన అనుకో. ఊరు చుట్టు తిరిగినా చివరికి వచ్చేది ఈడికే గదా. నీకోసం రొట్టె ఇట్లనే చరుస్తాంట."

మరునాడు అతను గడప దాటాడు. తెల్లని మసక. వీధిలో నూలు నుసి కాళ్ళకు మెత్తగా తగిలింది. మరిపెడ బాట మీద, మూటలు అమ్ముడుపోయి, ఒళ్ళు తేలికై, ఇంకో మలుపు తిరిగితే ఇల్లు కనబడుతుందనుకుంటూ నడిచిన పాత సాయంత్రాలు ఒక్కొక్కటే వచ్చి పక్కన నడిచాయి. కళ్ళు తెరిచి ఉన్నాడో, కలలో ఉన్నాడో అతనికే తెలియలేదు. రొట్టె వాసన ముందు నుంచే వస్తున్నట్టుంది. వెనుక ఉన్న ఇల్లు ముందుకు వచ్చి నిలబడినట్టుంది.

కట్టమ్మ ఊరి నుంచి తిరిగొచ్చిన పొద్దున తన అలవాటు ప్రకారం అడిగింది. "ఏడికి బిడ్డా?"

"ఇంటికి, అత్తా."

"ఇంట్లకెల్లి ఇప్పుడే ఎల్లితివి గదరా!"

"అవునత్తా. ఇల్లు జర దూరమైంది."

అతను ఆగకుండా మలుపు దాటాడు.

ఆ తర్వాత ఇల్లు రోజు రోజుకూ ఇంకొంత దూరం జరుగుతూ వచ్చింది. మొదట చేదబావి అవతలికి. తర్వాత రైలు పట్టాల దాకా. నడుము మొరాయించిన పొద్దున ఇల్లు దగ్గరికి వచ్చేసేది, రెండు వీధులు తిరగగానే దొరికేది. అట్లాంటప్పుడు అతను బాధపడలేదు. ఇల్లు దగ్గరుంటే ఎవరన్నా బాధపడతారా?

మధ్యలో ముసురు పట్టింది. బురదలో ఎక్కడ జారతానో అని నాలుగు పొద్దులు మంచం దిగలేదు. మంచానికి మళ్ళీ అలవాటు పడుతుండగా, గొంగడి కప్పుకుని కట్టమ్మే గుమ్మం ముందుకు వచ్చింది.

"ఏందిర నర్సయ్యా, ఇల్లు దొరికిందా? ఇగ ఎతుకుడు బందా?"

లోపల యాదవ్వ పకపకా నవ్వింది. లక్ష్మీనర్సయ్య మూలుగుతూ లేచి కర్ర అందుకున్నాడు. తన నడకకు అడ్డం పడ్డ మనిషే ఇప్పుడు తోలడానికి వచ్చిందని యాదవ్వతో అంటూ వానలోకి దిగాడు.

బతుకమ్మ పండుగ దగ్గర పడింది, తంగేడు పూసింది. ఒక పొద్దున ఇల్లు తంగేడు చెట్ల గుట్ట దాకా జరిగింది. వచ్చేటప్పుడు అతని రుమాలు నిండా పసుపు పూలు. పూలు యాదవ్వ ఒళ్ళో పోసి, రొట్టె తిని, ఎవరికీ చెప్పకుండా మగ్గం ఇంటికి పోయాడు. మొగిలయ్య చిన్న మగ్గం మీద ఒంటరిగా కూర్చుని సన్న జంపఖానా ఏదో నేస్తున్నాడు. పెద్ద పడుగు పక్కన అట్లాగే ఎదురు చూస్తోంది.

"జరుగు," అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"నడుము?"

"ఉన్నది. అడుగుతాంది నిన్ను."

ఇద్దరూ పెద్ద పడుగు ముందు పలక ఎక్కారు. కాళ్ళు మడవడానికి లక్ష్మీనర్సయ్యకు చాలాసేపే పట్టింది. మొగిలయ్య సాయం పట్టలేదు. పేక లాగారు. పంజాలు లేచాయి. మొదట ఒకదాని వెనుక ఒకటి, దారి తప్పిన అడుగుల్లా పడ్డాయి. పొద్దు కొంచెం ఎక్కాక రెండూ ఒకటయ్యాయి. వీధిలో పోతున్న యాదవ్వ ఆ చప్పుడు విని బిందె దించి నిలబడిపోయింది.

లోపల లక్ష్మీనర్సయ్య పంజా పక్కన పెట్టి, పలక పట్టుకుని మెల్లగా లేచాడు.

"ఏడికి బావా?" మొగిలయ్య ఉలిక్కిపడి అడిగేశాడు. అడిగి నాలుక కరుచుకున్నాడు.

"ఈడికే," అన్నాడతను. వాకిట్లో ఎండలోకి పోయి, నడుము మీద చేతులు పెట్టుకుని, ఆరేసిన రంగు నూలు చుట్టూ తిరిగి వస్తున్నాడు. మొగిలయ్య పేక పట్టుకుని, ఎడమ పక్క జాగా వదిలి, అట్లాగే కూర్చున్నాడు.