పక్క వాటా రచయిత

ఆయన పోయినప్పుడు పత్రికలన్నీ పొగిడాయి. భయపెట్టడంలోనూ వెక్కిరించడంలోనూ అంతటివాడు లేడట. ఒప్పుకుంటాను. రెండూ మా ఇంటి మీదే చేశాడు.

ఎనభైల మొదట్లో జెర్సీ సిటీలో మా పక్క వాటా ఆయనది. నెలకోసారి మా ఇంట్లో తెలుగువాళ్ల ప్రార్థన కూడిక జరిగేది. అందరూ ఒక్కసారే గొంతెత్తి ప్రార్థించడం మా అలవాటు. గోల అని ఫిర్యాదు చేస్తాడనుకుంటే, ఒకరోజు తలుపు తట్టి తనూ కూర్చోవచ్చా అని అడిగాడు. దొరగారు, అందులోనూ రచయిత! పొంగిపోయి వెనక కుర్చీ వేశాను.

ఆరోజు నా భార్య దేవుడి మీద తన నమ్మకానికి సాక్ష్యం చెప్పడానికి లేచింది.

"రెండుసార్లు కడుపు నిలవలేదు. అయినా ఉయ్యాల కొన్నాను. హాస్పిటల్‌లో డ్యూటీ చేసి రాగానే ఒకసారి ఊపుతాను. ఖాళీ ఉయ్యాల ఊపకూడదని మా అమ్మ తిడుతుంది. దేవుడు ఇస్తాడని నా నమ్మకం."

ప్రతి మాటా ఆయన చెవిలో ఇంగ్లీషులో చెప్పాను. ఎవరూ చెప్పమనలేదు, నా గొప్ప కోసం చెప్పాను. ఆయన కోడికూర మారు వడ్డించుకుని తిని వెళ్లాడు.

కొన్ని నెలలకు తోటి నర్సు నా భార్యకొక పత్రిక ఇచ్చింది, మీవాళ్ల కథే, భలే నవ్వొస్తుందని. రాసింది పక్క వాటా ఆయనే. కథలో పరదేశపు ఆడమనిషి ఖాళీ ఉయ్యాల ఊపుతుంటే, చుట్టూ జనం అరిచి అరిచి ఒక పిశాచాన్ని అందులోకి పిలుస్తారు.

"ఉయ్యాల సంగతి ఆయనకెలా తెలిసింది? మీరే ట్రాన్స్‌లేట్ చేశారా?" అంది.

వెళ్లి ఆయన్ని నిలదీశాను. తను రాసినవాటిలో అదే మంచి కథ అని, సంతోషించమని అన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని చూశాను. లెక్కపెట్టి అచ్చు కూడా వేయించినవాడు ఈయనొక్కడే. క్షమించమని దేవుడు చెప్పాడు, నా వల్ల కాలేదు.

మరుసటి ఏడు మాకు పాప పుట్టింది. కూడికలో పాస్టరుగారు, "సాక్ష్యం చెప్పమ్మా" అన్నారు. నా భార్య పాపతో సగం లేచి, వెనక కుర్చీ వైపు చూసింది. అందులో ఎవరో కొత్త కుర్రాడు, మన తెలుగువాడే. అయినా కూర్చుండిపోయింది.

"మీరు చెప్పండి," అంది నాతో, మెల్లగా. "నా మాటలు మీకు బాగా వచ్చుగా."