ఉప్పు పట్టిన మోటరు

ఆ మోటరును మా బావ పసుపు బస్తాల మధ్య పడుకోబెట్టి, ఓ ఆటో ట్రాలీలో బోధన్‌కు పంపించాడు. ముందుగా ఒక్క మాట చెప్పలేదు. ట్రాలీ నా షాపు ముందు ఆగాక డ్రైవరు తన ఫోన్ నా చేతికిచ్చాడు. అవతల బావ.

"బామ్మర్దీ, సామాను ముట్టిందా? జర సాఫ్ జేసి గ్రీజు వెట్టు. ఎల్లుండి వచ్చి తీస్కపోత."

నేను చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేశాను. అది మూతబడ్డాక బోర్ల మోటర్లు, డీజిల్ ఇంజన్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాను. నీళ్లను పైకి తోడే మోటర్లు నాకు తెలుసు గానీ, నీళ్ల మీద పడవను నడిపే మోటరును ముట్టుకోవడం అదే మొదలు. మా అక్కా బావలది పోచంపాడ్ డ్యాంకు ఎగువన, నీళ్ల ఒడ్డునే ఊరు. ఇద్దరూ కలిసి చేపలు పడతారు. ఊళ్లోకి చేపలు కొనడానికి వచ్చే ఓ మరాఠీ వ్యాపారి దగ్గర బావ ఆ మోటరు తీసుకున్నాడు. కొంకణ్ సముద్రంలో తిరిగి తిరిగి, తర్వాత ఏదో షెడ్డులో మూలన పడి ఉన్న సరుకు.

"సముద్రంల తిరిగిన మోటర్ అది. మన డ్యాం దానికెంత?" అని ఫోన్లో గొప్పగా చెప్పాడు.

సముద్రంలో తిరగడమే దాని రోగమని ఆయనకు తెలియదు. బస్తాలు జరిపి చూశాను. ఒళ్లంతా తెల్లటి పొక్కులు. అల్యూమినియం, ఇనుము కలిసిన ప్రతిచోటా ఉప్పు తిని రెండింటినీ ఒక్కటి చేసింది. తాడు లాగితే ఇంజను మాత్రం తిరిగింది, అంతవరకు అదృష్టం. మిగతాదంతా బిగుసుకుపోయింది. పడవను కుడికీ ఎడమకూ తిప్పాలంటే పిడి పట్టుకుని మోటరునే తిప్పాలి. అది వెల్డింగ్ పెట్టినట్టు నిలబడింది. కింద నీళ్లను నెట్టే ఫ్యాను దాని ఇరుసును వదలదు. గేర్ డబ్బా బోల్టుల తలలు పాత మేకుల్లా అరిగి ఉన్నాయి. ఆ డబ్బా విప్పితే గానీ ఇంజనుకు చల్లటి నీళ్లు తోడే రబ్బరు చక్రం మార్చడం కుదరదు. అది మార్చకుండా నడిపితే ఇంజను కాలిపోతుంది.

ఇలాంటి పనికి కావలసింది బలం కాదు, ఓపిక. వైరు బ్రష్షుతో పొక్కులు గీకాను. మంచినీళ్లతో కడిగాను. డీజిల్‌లో పల్చటి నూనె కలిపి ప్రతి కీలు దగ్గరా చుక్కలు చుక్కలుగా పోశాను. చిన్న సుత్తితో మెల్లగా తట్టి వదిలేశాను. నూనె తనంతట తాను సందులోకి దిగాలి. మర్నాడు మళ్లీ పోయాలి, మళ్లీ తట్టాలి.

అన్నట్టే మూడోనాడు బావ రానే వచ్చాడు. నిజామాబాద్‌లో బస్సు మారి, చెమటలు కక్కుకుంటూ షాపులోకి అడుగు పెట్టాడు.

"ఏంది, ఇంక గట్లనే ఉన్నది?"

"నానుతున్నది బావా."

"నానుడేంది? పప్పా అది?"

పోయి కొన్నాళ్లయ్యాక రమ్మన్నాను. పోయాడు గానీ, రోజూ పొద్దున్నే ఫోన్ చేశాడు. ఎవరో చెప్పారని నిమ్మకాయ రుద్దమన్నాడు. ఫోన్లో వీడియో చూశానని కూల్‌డ్రింక్ పొయ్యమన్నాడు. వేరే మెకానిక్కు ఎవరినైనా అడగమని కూడా అన్నాడు. ఆ రోజు నేను ఫోన్ పెట్టేశాను.

చివరికి గేర్ డబ్బా బోల్టులు ఒక్కటొక్కటిగా కదిలాయి. కదిలిన బోల్టును ఒక్కసారిగా తిప్పకూడదు. కొంచెం విప్పి, కొంచెం బిగించి, నూనె పోసి, మళ్లీ విప్పాలి. అలా అన్నీ ఊడివచ్చాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ రేపటికి వస్తుందని నాకు నమ్మకం కుదిరింది. నేను అన్నం తినడానికి ఇంట్లోకి వెళ్లిన సమయానికే బావ మళ్లీ దిగాడు. ఇల్లు షాపు వెనకే కాబట్టి పళ్లెం ముందు కూర్చోగానే ఠక్కుమన్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు తెలియని ఫిట్టరు ఉండడు.

ఎంగిలి చేత్తోనే పరుగెత్తాను. బావ పానాకు పొడుగాటి ఇనుప గొట్టం తొడిగి నిలబడి ఉన్నాడు. బోల్టు తల నేలమీద పడి ఉంది.

"ఊడింది," అన్నాడు.

"ఊడలేదు బావా, ఇరిగింది. సగం లోపలనే ఉన్నది."

"నువ్వు గిన్ని దినాల సంది గోకుతనే ఉంటివి. ఒక్క గుంజు గుంజిన."

"నీ మోటర్ నువ్వే తీస్కపో. నాతోని గాదు. ఇనుప సామానోనికి తూకానికి అమ్ముకో."

అంత పెద్దగా ఆయన మీద ఎన్నడూ అరవలేదు. ఎదురు షాపువాళ్లు బయటికి వచ్చి చూశారు. బావ గొట్టం గోడకు ఆనించి, చాయ్ కూడా తాగకుండా బస్టాండు దారి పట్టాడు. వెళ్తూ ఆయన ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని ఉండటం చూశాను. చూసి కూడా, గొట్టంతో గుంజినందుకు తగిన శాస్తి అనుకున్నాను.

తర్వాత అక్క వచ్చింది, ఒక్కతే. మా ఆవిడ ఇచ్చిన నీళ్లు తాగి, షాపులో మోటరు ముందు స్టూలు మీద కూర్చుంది.

"తమ్మీ, ఆయన తొందర ఎవ్వలికైనా కోపం తెప్పిస్తది. గని ఒక్క మాట ఇను. మొన్న వానకాలం మేమిద్దరం నడి నీళ్లల్ల ఉన్నప్పుడు గాలి లేసింది. ఆయన భుజం పట్టేసింది. తెడ్డు లేవలే. నేనొక్కదాన్నే ఎంతసేపు కొడుత? పడవ ఎటు గుంజుకపోతే అటు పోయినం. అవతలి ఒడ్డుకు తుమ్మ చెట్లల్ల తట్టుకున్నది గాబట్టి బతికినం."

"నాకెందుకు చెప్పలే?"

"ఎవ్వలికి చెప్పొద్దని ఒట్టు వెట్టించుకున్నడు. నీళ్లల్ల పుట్టి పెరిగినోడు తెడ్డు ఎయ్యలేకపోయిండంటే నలుగురు నవ్వుతరట. మళ్ల వానలు వచ్చేలోపల మోటర్ వెట్టాలని ఆయన ఫికరు."

జాలి కలగలేదని చెప్పను. కానీ ముందు కలిగింది ఇంకా ఎక్కువ చిరాకే. నిమ్మకాయల గురించి, కూల్‌డ్రింకుల గురించి అన్ని ఫోన్లు చేసిన మనిషి ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే, నేనే పోచంపాడ్ పోయి ఆయన్ను డాక్టరు దగ్గర కూర్చోబెట్టేవాణ్ని. అక్కతో ఆ మాటే అన్నాను.

"నువ్వు సుత అరిసినవు గద," అంది అక్క. మోటరు మీది నూనె గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది.

లోపల మిగిలిన బోల్టు ముక్క నన్ను ఏడిపించింది. నడి మధ్యలో చుక్క పెట్టి సన్నటి డ్రిల్లుతో మొదలుపెట్టాను. ఇనుము గట్టిది, చుట్టూ ఉన్న అల్యూమినియం మెత్తనిది. డ్రిల్లు మాటిమాటికీ మెత్తని వైపుకే జారింది. ఆపి, సరిచేసి, మళ్లీ తిప్పాను. ముక్కంతా పొడిగా రాలాక కొంచెం పెద్ద మర కోసి కొత్త బోల్టు పట్టేలా చేశాను. డబ్బా విప్పి చూస్తే రబ్బరు చక్రం రెక్కలు ఎండిన మిరపకాయల్లా విరిగిపోయి ఉన్నాయి. హైదరాబాద్ నుంచి కొత్తది తెప్పించి వేశాను. ఈసారి మరలకు గ్రీజు రాయకుండా ఒక్క బోల్టూ ఎక్కించలేదు.

ఇక మిగిలింది మోటరు తిరిగే కీలు. దానికి మంట పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. నూనెలో నానినదానికి నిప్పు చూపితే మోటరుతో పాటు షాపు కూడా పోతుంది. మా ఆవిడ అన్నం వండే పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి, కీలు చుట్టూ గుడ్డ చుట్టి దాని మీద పోశాను. వేడికి అల్యూమినియం ఇనుము కన్నా ఎక్కువ ఉబ్బుతుంది, ఆ సందులోకి నూనె దిగుతుంది.

"ఆ గిన్నెల మళ్ల నేను అన్నం వండ," అని మా ఆవిడ తేల్చి చెప్పింది. వండలేదు కూడా.

పని అయ్యేదాకా మా ఇంట్లోనే ఉండిపోయిన అక్క పిడి పట్టుకుంది. ఇటు కొంచెం, అటు కొంచెం. మొదట వెంట్రుకవాసి. కరకరమన్న చప్పుడు. నీళ్లు పోయడం, నూనె పోయడం, కదిలించడం. సాయంత్రానికి కీలు పూర్తిగా తిరిగింది. అప్పుడు గ్రీజు గన్ను పెట్టి కొడితే, లోపల గట్టిపడ్డ పాత గ్రీజు, మాడిన బెల్లంపాకంలా నల్లగా బయటికి వచ్చింది. దాని వెనక కొత్త గ్రీజు శుభ్రంగా కనిపించేదాకా కొడుతూనే ఉన్నాను. ఫ్యాను కూడా అదే వేడినీళ్ల వైద్యానికి ఇరుసును వదిలింది.

మోటరును నీళ్ల డ్రమ్ముకు బిగించి తాడు లాగాము. దగ్గింది, పొగ కక్కింది, తర్వాత నిలకడగా తిరిగింది. పక్క రంధ్రం నుంచి నీళ్లు సన్నటి ధారగా పడ్డాయి, అంటే కొత్త రబ్బరు చక్రం నీళ్లు తోడుతోంది. అక్క ఆ ధార కింద చెయ్యి పెట్టి చూసింది.

దాన్ని పడవకు బిగించడానికి నేనే వెళ్లాను. బావ నన్ను చూసి, "అన్నం తిన్నవా?" అని మాత్రం అడిగాడు. తిన్నానన్నాను. మా ఇద్దరి రాజీ అంతే.

నీళ్ల మీదికి పోయాక పిడి ఆయనే పట్టుకున్నాడు. పట్టుకోగానే ఒక్క గుంజు గుంజాడు. పడవ గిర్రున తిరిగి నా ప్యాంటు మోకాళ్లదాకా తడిసింది. మళ్లీ గుంజాడు. మూడోసారి గుంజబోతుంటే అక్క లేచి ఆయన చెయ్యి పిడి మీంచి తీసేసింది.

"జరుగు. నీ భుజానికి గిది సుత ఒద్దు."

ఆమె వేళ్లకు ఆ పిడి అప్పటికే అలవాటు. పడవ తిన్నగా సాగింది. బావ ముందుకు పోయి కూర్చుని, వల సర్దడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు మోటరు అక్కే నడుపుతుంది. బావ వల వేస్తాడు. నిజామాబాద్‌లో డాక్టరుకు భుజం చూపించి నేర్చుకున్న ఎక్సర్‌సైజులు బుద్ధి పుట్టినప్పుడు చేస్తాడు. మొన్న ఫోన్ చేసి, నేనిచ్చిన గ్రీజు గన్నును అక్క తాళం వేసి పెడుతోందని, తనను ముట్టనివ్వడం లేదని చెప్పాడు.

"జర నువ్వన్న చెప్పు దానికి."

చెప్పనన్నాను.