ఎర్నీ ఇత్తడి కమ్మీలు

ఎర్నీ ఆక్రాయిడ్ మా క్లబ్బులో చేరిన రోజు చెవి మీద పెన్సిలు పెట్టుకుని వచ్చాడు. జన్మంతా వడ్రంగం చేసి రిటైరైన మనిషి, అలవాటు ఎక్కడికి పోతుంది. మా క్లబ్బంటే హాలిఫాక్స్ పక్కన పార్కు వెనకాల ఒక రేకుల షెడ్డు, దాని చుట్టూ బుల్లి రైలు పట్టాలు, ఎవరికి వాళ్ళు చేత్తో చేసుకున్న మోకాలెత్తు ఆవిరి ఇంజన్లు, వాటి వెనక పెట్టెల మీద కూచుని ఆదివారాలు ఊళ్ళో పిల్లల్ని తిప్పే ముసలాళ్ళు. టీ కొట్టు నాది. మా ఆయన పోయాక నన్ను ఎవరూ వద్దనలేదు కాబట్టి ఇంకా నేనే కాస్తున్నాను. ఇనుము గురించి నాకేమీ తెలీదు. మగవాళ్ళ గురించి కావలసినంత తెలుసు.

ఇన్నాళ్ళూ చెక్కతో బతికి ఇప్పుడీ ఇనప్పిచ్చి ఏమిటని అడిగాను. చెక్క అబద్ధాలకోరు అన్నాడు. వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, సోమవారం సరిగ్గా కూర్చున్న తలుపు శుక్రవారానికి పట్టేస్తుంది. ఇనుము పెట్టినచోట పెట్టినట్టుంటుందట. చచ్చేలోపు ఒక్కటైనా మాట మీద నిలబడే వస్తువు చెయ్యాలని ఉందన్నాడు. మాట బాగుందని నేనొక బన్ను ఊరికే ఇచ్చాను.

ఇంట్లో ముందుగదిలో, లోహాన్ని గిరగిరా తిప్పుతూ చెక్కే పాత లేత్ మిషను దించాడు. దానికి చోటివ్వడానికి హిల్డా అద్దాల బీరువా గరాజులోకి పోయింది. హిల్డా అతని భార్య. చెప్పుల అడుగున ఇనప రజను గుచ్చుకుని వంటగది గచ్చంతా గీతలు పడుతుంటే ఆవిడ తుడుచుకునేది. ఎర్నీకి నచ్చజెప్పే ఓపిక ఆవిడకి ఎప్పుడో పోయింది.

క్లబ్బులో అతనికి మొదటి వారంలోనే పేరు పెట్టేశారు, రంపప్పొట్టు అని. ఇనుము మీద పెన్సిలుతో గీత గీస్తే నవ్వరా మరి. ఆ గీత మందమంత తేడా వస్తే చక్రం ఇరుసుకి ఎక్కదు. కోసిన అంచుని చెక్క అనుకుని బొటనవేలితో రాసి చూసేవాడు, రక్తం కారేది, మిగతావాళ్ళు జేబురుమాలు అందిస్తూ పగలబడి నవ్వేవాళ్ళు. "ఏమోయ్ రంపప్పొట్టూ, ఇవాళ ఇంజనుకి చెదలు పట్టాయా?" అని రోజుకొకడు. అతను నవ్వేవాడు కాదు. ఇంటికెళ్ళి పాడైన ముక్క పారేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. మొండి ఘటం.

నవ్వినవాళ్ళలో గోర్డన్ లమ్ మాత్రం ఉండేవాడు కాదు. గోర్డన్ మా బాయిలర్ల తనిఖీదారు. అతను సరేనంటేనే ఏ ఇంజనైనా పట్టాలెక్కుతుంది. పిల్లలు కూచునే బండి కాబట్టి ఆ పట్టుదల ఉండాల్సిందే. ఎర్నీతో మర్యాదగా, చాలా మర్యాదగా ఉండేవాడు. దానికి కారణం నాకు అతనే ఒకసారి టీ తాగుతూ చెప్పాడు. కుర్రతనంలో ఎర్నీ దగ్గర పనికి చేరాడట. మొదటి మెట్లవరస చేస్తుంటే కుడికి తిరగవలసిన మెట్లు ఎడమకి తిరిగేలా పెట్టాడు. ఎర్నీ మొదటి రోజే చూశాడు. చూసి, పైపు కాల్చుకుంటూ, పని మొత్తం అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు. అయ్యాక వర్క్‌షాపులో అందర్నీ పిలిచి, ఇది ఏ ఇంటికి పనికొస్తుందో చెప్పమని ఒక్కొక్కణ్ణీ అడిగి, గొడ్డలితో ముక్కలు కొట్టించి పొయ్యిలో వేయించాడు. గోర్డన్ ఆ సాయంత్రమే మానేసి ఇంజనీరింగు కంపెనీలో చేరిపోయాడు. పెద్ద మనిషయ్యాడు.

"ఎర్నీకి ఆ సంగతి గుర్తుందా?" అన్నాను.

"గుర్తుంటే బావుండేది తల్లీ," అన్నాడు గోర్డన్. "నన్నెప్పుడూ చూడనట్టే పలకరిస్తాడు."

మా క్లబ్బులో ఒక కట్టుబాటు ఉంది. నెలకోసారి బల్ల రోజు. ఎవరు చేస్తున్నది వాళ్ళు తెచ్చి బల్ల మీద పెడతారు, మిగతావాళ్ళు తిప్పి తిప్పి చూస్తారు. చేసినవాడు ఎలా ఉందని అడిగితే తప్ప ఎవరూ తప్పు చెప్పకూడదు. అడిగితే మాత్రం ఎంత చేదైనా నిజమే చెప్పాలి. నిజానికిది కొత్తవాళ్ళ మనసు కష్టపెట్టకుండా పెట్టుకున్న మర్యాద. అందరూ అడుగుతారు, అడగడానికే వస్తారు. ఎర్నీ ఒక్కసారీ అడగలేదు. పనితనం తెలిసిన మేస్త్రీ ఇంకొకడి నోటికేసి చూడడమేమిటని అతని ఉద్దేశం. తెచ్చి పెట్టేవాడు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు, తీసుకుపోయేవాడు.

బాయిలరు మొదలుపెట్టినప్పుడు అలాగే దాని కమ్మీలు తెచ్చాడు. రాగి బాయిలరు ఆవిరి ఒత్తిడికి ఉబ్బి పగలకుండా లోపలి గోడనీ బయటి గోడనీ కలిపి పట్టుకునే చిన్న కమ్మీలవి. నల్ల గుడ్డ మీద వరసగా పేర్చాడు. పచ్చగా మెరుస్తున్నాయి. ఒక్కొక్కటీ చేతితో తిప్పి, మర కోసి, నునుపు పెట్టినవి. అవి ఇత్తడివి. కంచువి అయి ఉండాల్సింది. ఇత్తడి మరిగే నీళ్ళలో ఏళ్ళ తరబడి నానితే అందులోని తుత్తునాగం కరిగిపోయి, మిగిలింది బిస్కత్తులా పొడి అయిపోతుందట. ఈ సంగతి నాకిప్పుడు తెలుసు, అప్పుడు తెలీదు. ఎర్నీకి అసలే తెలీదు. వడ్రంగికి ఇత్తడి కంటే నమ్మకమైన లోహం లేదు. ఓకు చెక్కలో ఇనప మేకు దిగిందంటే తుప్పు పట్టి చుట్టూ నల్లమచ్చ వేస్తుంది. ఇత్తడి మర బిగించిన చర్చి తలుపు మన మనవల కాలానికీ అలాగే ఉంటుంది. ఇంజను నమూనా పటంలో కంచు అని రాసి ఉంటే, తను అంతకంటే మంచిదే వేస్తున్నానని అనుకున్నాడు పాపం.

గోర్డన్ ఒక కమ్మీ తీసి వెలుగుకి పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. "చక్కగా తిప్పావు ఎర్నీ," అని జాగ్రత్తగా మళ్ళీ వరసలో పెట్టేశాడు. ఎర్నీ మొహం మతాబాలా వెలిగింది. క్లబ్బులో అతనికి దొరికిన మొదటి మెప్పు అది.

ఆ చలికాలమే అతను టీ కప్పులో కాకుండా పక్కన పంచదార పోశాడు. ఒకసారి కాదు, వరసగా వచ్చిన ప్రతిసారీ. ఏమైందని గట్టిగా అడిగితే చెప్పాడు. చూపు నడిమధ్య ఒక మసక మచ్చ ఉంది, అది పెరగడమే తప్ప తగ్గదని కళ్ళ డాక్టరు చెప్పేశాడు. అంచులు మిగులుతాయి, నడుమ పోతుంది. మనిషి మొహం చూడాలంటే మొహం పక్కకి చూడాలి.

"కమిటీకి తెలిస్తే నన్ను పట్టాల మీదికి రానివ్వరు," అన్నాడు. "ఒక్క చుట్టు చాలమ్మాయ్. హిల్డాని వెనకాల కూచోబెట్టుకుని, నా ఇంజను నేనే నడుపుతూ ఒక్క చుట్టు. తర్వాత వాళ్ళిష్టం."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊళ్ళో పేరుంది, ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాను. వెనకాల కూచుంటావా అని ఎర్నీ హిల్డాని అడిగితే, ఆ చుట్టేదో తిరిగాక నా గది నాకొస్తుందా అందట. సరే అన్నాడు. ఆవిడకి కావలసింది అదే.

అప్పట్నుంచి మిగిలిన పనంతా తల పక్కకి వంచి, కంటి చివరితో చూస్తూ చేశాడు. వెండి టంకం కరిగిందో లేదో రంగు చూసి తెలుసుకోవాలి, అతను చప్పుడు విని తెలుసుకున్నాడు. ఒకసారి చొక్కా చేతికి నిప్పంటుకుంది. తొందరపడుతున్నాడని అందరికీ తెలుసు, ఎందుకో నాకొక్కదానికే తెలుసు.

వసంతం వచ్చాక ఒక శనివారం బాయిలరు తనిఖీకి తెచ్చాడు. షెడ్డు నిండా జనం. హిల్డా కూడా వచ్చి తలుపు దగ్గర కుర్చీలో కూచుంది, మంచి కోటు వేసుకుని. గోర్డన్ బాయిలరు నిండా చన్నీళ్ళు పోసి, చేతి పంపుతో ఒత్తిడి పెంచుతూ పోయాడు. మీటరు ముల్లు ఎక్కింది. మామూలుగా నడిచే ఒత్తిడి దాటింది, దానికి రెట్టింపు దగ్గర నిలబడింది. ఒక్క చుక్క కారలేదు. ఇన్నాళ్ళూ రంపప్పొట్టు అన్నవాళ్ళే చప్పట్లు కొట్టారు. ఎర్నీ ఎవరి వైపు చూడాలో తెలీక గోడ వైపు చూస్తూ నవ్వాడు. నేను అతను నవ్వగా చూడడం అదే మొదలు.

గోర్డన్ చప్పట్లు ఆగేదాకా ఆగాడు. పంపు విప్పాడు. జేబులోంచి చిన్న ఆకురాయి తీసి ఒక కమ్మీ తల మీద నెమ్మదిగా గీశాడు. టంకం లేచిపోయి కింద పసుపు కనపడింది.

"ఇత్తడి," అన్నాడు.

"మేలైన ఇత్తడి," అన్నాడు ఎర్నీ. "చర్చికి వాడిన సరుకు."

ఎవరో కిసుక్కున నవ్వారు. గోర్డన్ మెత్తగా, క్లాసులో పాఠం చెప్పినట్టు, ఇత్తడి ఎందుకు పనికిరాదో వివరించాడు. ఈ ఏడాది ఆగుతుంది, పైఏడాదీ ఆగుతుంది, ఆ తర్వాత ఏదో ఒక ఆదివారం ఏ పిల్ల మొహం మీదో పగులుతుంది. అతను చెప్పినదాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. అందుకే నాకు అంత ఒళ్ళు మండింది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు ఎర్నీ.

"నువ్వు బల్ల మీద పెట్టినప్పుడే."

"చెప్పలేదే."

"నువ్వడగలేదు ఎర్నీ. కట్టుబాటు కట్టుబాటే." గోర్డన్ గొంతు అప్పుడు మారింది. "నువ్వు చెప్పావా నాకు, నా మెట్లు ఎడమకి పోతున్నాయని?"

ఎర్నీ తల పక్కకి తిప్పి అతని మొహం వెతుక్కున్నాడు. "నువ్వా?" అన్నాడు. అంతే.

పనికిరాదన్న బాయిలర్ని దొంగచాటుగా ఎవరూ వాడకుండా దానికి చిల్లు పెడతారు, యజమానే పెట్టాలి. గోర్డన్ మొనదేలిన పంచితో చిన్న గుంటలా గుర్తు కొట్టి చేతి డ్రిల్లు ఎర్నీ చేతికిచ్చాడు. ఎర్నీ దాన్ని రాగి మీద ఆనించాడు. జారింది. మళ్ళీ పెట్టాడు, గుర్తుకి బెత్తెడు దూరంలో. మళ్ళీ జారి రాగి మీద పొడుగ్గా గీసుకుపోయింది. ముందు వరసలో ఒకడు నవ్వి, సగంలో ఆపేశాడు. ఎర్నీ ఎడమచేతి వేలితో గుర్తు కోసం తడుముతున్నాడు. షెడ్డులో అందరికీ ఒక్కసారే అర్థమైంది. ఇంకో బాయిలరు ఇతను చెయ్యలేడు. ఇంక ఏదీ చెయ్యలేడు. హిల్డా కుర్చీలోంచి లేవలేదు. ఆవిడకి కూడా అప్పుడే తెలిసిందని ఆ మొహం చెప్పింది.

గోర్డన్ పాలిపోయాడు. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు. వద్దులే, నేను చేస్తానని డ్రిల్లు తీసుకోబోయాడు.

"ముట్టుకోకు," అన్నాడు ఎర్నీ. "నాది. నా చెయ్యి గుర్తు మీద పెట్టు, చాలు."

గోర్డన్ అతని మణికట్టు పట్టుకుని మొనని గుర్తులో కూర్చోబెట్టాడు. నాకు ఇద్దరి మీదా అసహ్యం వేసింది, ఇద్దర్ని చూసీ ఏడుపొచ్చింది. ఎర్నీ పిడి తిప్పాడు. రాగి రజను చుట్టలు చుట్టుకుంటూ రాలింది. తిప్పుతూనే ఉన్నాడు, మొన అడ్డం లేకుండా లోపలికి దిగిపోయినా తిప్పుతూనే ఉన్నాడు.

"పడిందా?" అన్నాడు.

గోర్డన్ డ్రిల్లు వెనక్కి లాగాడు. చిల్లులోంచి నీళ్ళు చిమ్మి ఇద్దరి చేతుల మీదా పడ్డాయి. చిల్లు పడిందని ఎర్నీకి అప్పుడు తెలిసింది. చన్నీళ్ళు మణికట్టు మీదుగా చొక్కా చేతుల్లోకి పోతున్నా, బాయిలరు ఖాళీ అయ్యేదాకా అతను చెయ్యి తియ్యలేదు.