రెక్సిన్ ముక్కల బల్ల

ఎనభైల చివర్లో రేపల్లె బస్టాండు పక్కన మాకు రిక్షా సీట్లు కుట్టే కొట్టుండేది. మిగిలిన రెక్సిన్ ముక్కలను మా ఆయన దొడ్లో తగలబెట్టేవారు. ఆ నల్లపొగకు పక్కింటి ముసలమ్మకు ఆయాసం పట్టుకుంది. "మళ్లీ పొగ లేస్తే కొట్టు ఖాళీ చేయండమ్మా" అన్నారు కొట్టు అద్దెకిచ్చినాయన. బాపట్లలో మస్తాన్ గారనే ఆయన ఇలాంటి ముక్కలను అదిమి చెక్కల్లాంటి బల్లలు చేస్తున్నారని విని, ఒక గోతం నింపుకుని బయలుదేరాను.

ఉదయం ఆరింటికి రైలు. ఎదురుగా దుగ్గిరాల వెళ్లే పెద్దావిడ కూర్చుంది.

"గోతంలో ఏంటమ్మాయ్?"

"రెక్సిన్ ముక్కలు, పిన్నిగారూ."

"చెత్తని కూడా ఊరు చూపించడానికి తీసుకెళ్తున్నావా?"

పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తెనాలిలో ఇడ్లీ తిని రైలు మారాను. ఆ దారిన వెళ్లేవాళ్లు అక్కడే తినడం మంచిది. బాపట్ల స్టేషన్లో నాకు టీ తప్ప ఏమీ దొరకలేదు.

పదిన్నరకు మస్తాన్ గారి షెడ్డు చేరాను. ఆయన ముక్కలను సన్నగా తరిగి, రంపపు పొట్టు కలిపి, వేడి ఇనప పలకల మధ్య బిగించారు. బొంతలు కుట్టే అలవాటుకొద్దీ నేను రంగుల వారీగా కట్టలు కట్టి తెచ్చాను. మెచ్చుకుంటారనుకున్నాను. పలకలు విప్పితే బల్ల కాల్చిన అప్పడంలా వంకర తిరిగి ఉంది.

"రంగెవరికి కావాలి చెల్లెమ్మా? రెక్సిన్ వెనకుండే గుడ్డ మందంగా ఉన్నదీ పల్చగా ఉన్నదీ కలిస్తే ఇంతే. ఇలాంటివైతే నాకొద్దు."

ఒక్క గంట ఆగమని, గోతంలో మిగిలిన ముక్కలు కుమ్మరించి కూర్చున్నాను. ఏ ముక్క ఏ బండిదో నాకు గుర్తే.

"ఇది యేసోబు రిక్షాది, మందం. ఇది కరీం గారి జట్కాది, పల్చన."

"రేపల్లె మొత్తం నీ గోతంలోనే ఉందే" అన్నారాయన.

మధ్యాహ్నం మూడింటికి రెండో బల్ల చల్లారింది. దాన్ని రెండు ఇటుకల మీద పెట్టి ఎక్కి నిలబడ్డారు. "నువ్వూ ఎక్కమ్మా" అన్నారు. ఎక్కాను. బల్ల వంగలేదు.

"ఇలాగే ఏరి నెలకోసారి తీసుకురా" అని ఆ బల్ల నాకే ఇచ్చేశారు.

సాయంత్రం తెనాలిలో రేపల్లె బండి కిక్కిరిసి ఉంది. బల్ల నేలమీద వేసుకుని కూర్చున్నాను. పొద్దుటి పిన్నిగారు ఎక్కింది.

"ఏమ్మా, చెత్త పారేశావా?"

"లేదండి. జరుగుతాను, రండి, మీరూ దానిమీదే కూర్చోండి."

ఇప్పుడు ఆ కొట్టూ లేదు, ఆ రిక్షాలూ లేవు. బల్ల మాత్రం మా నీళ్ల బిందె కింద ఉంది. పొద్దున తుడిచేటప్పుడు ఒక మూల ఎర్రచుక్క కనిపిస్తుంది. యేసోబు సీటుది.