గట్టు మీది టేకు చెప్పిన సాక్ష్యం

వానను మబ్బులో దాచి, మబ్బును గాలి చేతికిచ్చి, ఆ గాలికి దారి చూపే దేవునికి స్తోత్రం. కరువు ఏట కూడా చెట్టును నిలబెట్టి, మనుషులు మరచిపోయిన సంగతిని దాని లోపల భద్రంగా ఉంచిన ఆయన జ్ఞానానికి స్తోత్రం.

మొన్న మా మందిరానికి కొత్త తలుపులు బిగిస్తుంటే వడ్రంగి కోసిన టేకు ముక్క ఒకటి నా కాళ్ల దగ్గర పడింది. చేతికి తీసుకుని చూస్తే, ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు, కొన్ని వెడల్పుగా, కొన్ని వెంట్రుకంత సన్నగా. గోదావరిఖనిలో టింబర్ యార్డు నడిచిన రోజుల్లో డ్యూటీ చేసిన నా ఈడు వాళ్లకు ఆ కోత వాసన ఒక్కటి చాలు, పాత రోజులన్నీ కళ్ల ముందు నిలబడటానికి. గనిలో పైకప్పు కూలకుండా ఆసరా పెట్టే దుంగలను కోసి, పేర్చి, కిందికి పంపడంలోనే నా సర్వీసు సగం గడిచింది. ఇన్ని దుంగల కొసలు చూసినా వాటిలో ఏముందో నేను ఎన్నడూ చూడలేదు. చూపించింది ఒక మేడమ్.

తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు మాట. ఓపెన్‌కాస్టు గని కోసం జైపూర్ వైపు అడవి కొంత కొట్టేస్తే ఆ టేకు మా యార్డుకు వచ్చింది. దాన్ని చూడటానికి యూనివర్సిటీ నుంచి ఆమె వచ్చింది. రంపపు పొట్టులో గొంతుకు కూర్చుని, కంటికి భూతద్దం పెట్టుకుని, సూది మొనతో ఒక్కొక్క వలయాన్నే దాటుకుంటూ పోయేది. పక్కన పెట్టిన చాయ్ చల్లారి మీగడ కట్టేది. మా సంఘంలో లేఖనం చదివే పెద్దలు వేలు పెట్టి మాట మాట చదువుతారు చూడండి, అచ్చం అలాగే ఉండేది ఆమె చదువు. టేకు వానాకాలంలో పెరిగి, ఆకు రాల్చాక ఆగిపోతుందని, ఏడాదికి ఒక వలయమని, వాన బాగా పడిన ఏడు వెడల్పు, పడని ఏడు సన్నమని ఆమె ఓపికగా చెప్పింది. ఎక్కడో తూర్పు మహాసముద్రంలో నీళ్లు వేడెక్కితే గాలుల దారి మారి మన వాన తప్పిపోతుందట. అలాంటి ఏళ్లలో మన చెట్టుతోపాటు జావా దీవుల్లోని టేకు కూడా దాహంతో సన్నబడుతుందట. ఆ మాట విన్నప్పుడు నాకు మా అవ్వ గుర్తొచ్చింది.

మేము అమ్మను అవ్వ, నాన్నను బాపు అనే పిలిచేవాళ్లం. నేను కడుపులో ఉన్న ఏడు, ఎండాకాలంలో, అవ్వ గోదావరి మడుగులో బాప్తిస్మం తీసుకుంది. ఆ ఏడు వాన పడలేదు. ఊరంతా అవ్వ వైపు వేలెత్తింది. కాడెడ్లు రెండూ గడ్డి లేక చచ్చిపోయిన మేనమామ మరీ బాధపడి, నీ చేతి నీళ్లు ఇక ముట్టనని చెల్లెలితో అన్నాడు. బాపుకు గనిలో పని దొరికి మేం గోదావరిఖని వచ్చినా మామ మాట మారలేదు. మా పెళ్లిళ్లకు వచ్చి పందిట్లో కూర్చుని, బయట హోటల్లో నీళ్లు తాగి వెళ్లేవాడు. మా సంఘ పెద్దలదీ ఒక లెక్క ఉండేది: అవ్వను హింసించినందుకు దేవుడు ఆ ఊరిని శిక్షించాడని వాళ్లు సాక్ష్యం చెప్పేవారు. అవ్వ దానికి ఆమెన్ అనేది కాదు. మేడమ్ వచ్చేనాటికే ఆమెకు ఆయాసం మొదలైంది. అన్న ఒక్కసారి ఇంట్లోకి వచ్చి గ్లాసెడు నీళ్లు తాగితే చాలు, అదొక్కటే ఆమె కోరిక.

మేడమ్‌తో ఈ సంగతి చెబితే, మా ఊరూ జైపూర్ వైపే కనుక అక్కడి నుంచి వచ్చిన టేకు బిళ్ల ఒకటి కోసి ఇమ్మంది. యార్డులో రంపం పట్టేది మా అక్క భర్త. బావ ఎంతో ప్రేమగా కోశాడు. ఆడకూతురికి ఇచ్చేది అందంగా ఉండాలని బెరడు ఒలిచి, పురుగు పట్టే తెల్లచెక్కంతా బాడిశతో చెక్కి, చేవ మాత్రం మిగిల్చి, నున్నగా చేసి చేతిలో పెట్టాడు. ఆమె తల పట్టుకుంది. బెరడు పక్కనున్నదే చివరి ఏడు కదా, అది పోతే ఏ వలయం ఏ ఏటిదో చెప్పేదెలా? ఆ టేకులో మిగిలిన దుంగలు అప్పటికే గనిలోకి దిగిపోయాయి. బావ మొహం చిన్నబోయింది. "పెండ్లిపిల్లను సింగారిచ్చినట్టు చేస్తిని, గిట్లయితదని నాకేం ఎర్క!" అన్నాడు. ఆమె నవ్వి, బెరడుతో ఉన్న పాత చెట్టు ఒకటి దగ్గర్లో దొరికితే దాని వరుసతో ఈ వరుస పోల్చి ఏళ్లు పట్టుకోవచ్చంది. నాకు తెలిసిన పాత చెట్టు ఒక్కటే, మామ పొలం గట్టు మీది టేకు.

ముగ్గురం వెళ్లాం. మామ ఆమె చేతిలోని, చెక్కను తొలిచే బరమా చూసి బెదిరాడు. "చెట్టుకు సూది పొడుస్తవా బిడ్డా? చస్తే ఎవలు జిమ్మేదారి?" అన్నాడు. ఏం కాదని ఆమె ఒప్పించి, చెట్టు లోంచి పెన్సిలంత పుల్ల బయటికి లాగింది. దాన్ని బావ చెక్కిన బిళ్ల పక్కన పెడితే సన్నవి సన్నవాటితో, వెడల్పువి వెడల్పువాటితో అన్నదమ్ముల మొహాల్లా కలిశాయి. బెరడు దగ్గర మొదలుపెట్టి ఆమె వెనక్కి పోతుంటే బావ నా వైపు తిరిగి, "నువ్వు పుట్టిన ఏడు చెప్పు బామ్మర్దీ, కంపెనీ కాయితాలల్లది కాదు, అసలుది," అని నవ్వాడు. పనిలో చేరేటప్పుడు వయసు మార్చి రాయించుకున్న మా తరం వాళ్లకు ఆ నవ్వు అర్థమవుతుంది. చెప్పాను. సూది ఆగింది. ఆ వలయం దారమంత ఉంది. కానీ దాని ముందుదీ సన్నమే, ఆ ముందుదీ సన్నమే. అవ్వ నీళ్లలో మునగకముందే చెట్టు దాహంతో ఉంది. ఆ ఏళ్లు జావాలోనూ కరువేనని ఆమె అంది.

"మా అత్త గోదాట్ల మునిగితే గా దీవులల్ల వాన ఎట్ల ఆగింది మామా?" అన్నాడు బావ.

మామ నవ్వలేదు. చెట్టు మొదలు నిమురుతూ, "అవు. బాయి అంతకు ముందటేడే అడుగంటింది," అన్నాడు. అందరి కళ్ల ముందూ జరిగినదే, ఎవరూ గుర్తుంచుకోలేదు.

ఇంటికి వచ్చి అవ్వతో చెబుతూ, మన పెద్దల సాక్ష్యం కూడా నిలవదేమోనని నసిగాను. అవ్వ నన్ను తేరిపార చూసి, "మా అన్న ఎడ్లను సంపి నన్ను నమ్ముమనేటోడార దేవుడు?" అంది. మంచివాని చేనికీ చెడ్డవాని చేనికీ ఆయన వాన ఒక్కటేనని చిన్నప్పటి నుంచి విన్న మాట నాకు ఆ రోజు అర్థమైంది.

తర్వాతి ఆదివారం మేం ఆరాధన నుంచి వచ్చేసరికి మామ మా అరుగు మీద ఉన్నాడు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, మంచం మీద కూర్చుని, నీళ్లు అడిగాడు. అవ్వకు ఆయాసమని చెంబు నేను అందుకోబోయాను, ఇవ్వలేదు. తనే ముంచి ఇచ్చింది. మామ ఎత్తిపెట్టి అంతా తాగి, "సల్లగున్నయి చెల్లె," అన్నాడు.

"కుండ ఇన్నేండ్లు గీ మూలకే ఉన్నదన్నా," అంది అవ్వ.

ఇద్దరూ ఇప్పుడు లేరు. యార్డు లేదు, గనుల్లో ఆసరాకు ఉక్కు వచ్చింది, ఆ అడవి ఉన్న చోట మట్టి గుట్టలు లేచాయి. ఆ మేడమ్ ఏ ఊళ్లో ఉందో తెలియదు. ఆకాశంలో ఏం జరుగుతుందో ఇప్పుడు ఫోనులోనే కనబడుతున్నా, మబ్బు మొహం చాటేస్తే పక్కవాడిలో తప్పు వెతికే అలవాటు మాత్రం మనలో ఎండిపోలేదు. చదువుతున్న మీరు ఏ పేరుతో మొక్కేవాళ్లయినా, ఈ పూట నాతోపాటు ఒక్క మాట అడగండి: ప్రభువా, వాన రాని ఏడు మా వేళ్లు ఎవరి మీదికీ లేవకుండా కాపాడు, నీ చేతిరాతను ఓపికగా చదివే ఆ బిడ్డ కంటి వెలుగు చల్లగా ఉంచు. ఆమెన్.