డిస్కు అడిగిన పేరు

మిర్యాలగూడలో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి కోదాడ బస్టాండు ఎదురుగా డీటీపీ సెంటర్ పెట్టినప్పుడు, ఈ చుట్టుపక్కల నాకంటే తెలిసినవాళ్లు లేరనుకున్నాను. పొగరంటే పొగరే. పక్కన నిలబడి ఎవరైనా రెండు ప్రశ్నలడిగితే కస్సుమనేదాన్ని.

మునగాల దగ్గరి తండా నుంచి ఒక బడి సారు తన తల్లిని తీసుకుని ఆదివారాలు వచ్చేవారు. ఆమె లంబాడీ పాటలు పాడేది. ఆయన ఒక్కో మాటా విడదీసి చెబితే నేను తెలుగు అక్షరాల్లో టైపు చేసేదాన్ని. కాగితం మీద ఒక్క ముక్క రాసుకోలేదు, అంతా నా కంప్యూటర్లోనే. ఒకరోజు ఆ ముసలమ్మ దాన్ని ఎగాదిగా చూసింది.

"నా పాటలు గిండ్ల ఏడున్నయి బిడ్డా?"

"'డి' అనే అరలో ఉన్నాయి అవ్వా."

"దానికి నా పేరు కొట్టు. బోరింగు కాడ బిందెలన్నీ ఒక్కతీరే ఉంటయి. నాకు సదువు రాదు గానీ, బిందె మీద పేరు కొట్టిచ్చిన సుక్కలు వేలితోని తడిమి నాది నేను తెచ్చుకుంట."

నవ్వాపుకోలేకపోయాను. పెద్దావిడ ముచ్చట ఎందుకు కాదనాలని, ఆ అరకు ఇంగ్లీషు అక్షరాల్లో ఆమె పేరు పెట్టాను. ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయాను.

ఆ వానాకాలంలోనే ఆమె పోయింది. జాగ్రత్తకని పాటలు కాపీ తీసిన ఫ్లాపీలకు బూజు పట్టింది. ఇక అవి మిగిలింది నా హార్డు డిస్కులో మాత్రమే. ఇంకో కాపీ ఉండాలని సారు సూర్యాపేటలో కొత్త డిస్కు కొని, తువ్వాల్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు.

దాన్ని పాతదాని పక్కన బిగించి, తయారుచేసి, మెషీన్ మళ్లీ ఆన్ చేశాను. పాత డిస్కులో 'సి', 'డి' అనే రెండు అరలున్నాయి కాబట్టి కొత్తది 'ఇ' అయి తీరాలి. చూసేదేముంది? 'ఇ'ని ఫార్మాట్ చేయమని కొట్టాను. ఫార్మాట్ అంటే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టడమే.

అది తుడవలేదు. ఈ అరకు ఇప్పుడున్న పేరేమిటని అడిగింది. ఊరికే ఎంటర్ నొక్కాను. పేరు తప్పంది. మళ్లీ చేశాను, మళ్లీ అదే పాట.

"దీని దుంప తెగ!" అని బల్ల మీద ఒక్కటి చరిచాను.

"ఏమంటుంది మేడం?" అన్నారు సారు.

"పేరు చెప్పాలంట. నిన్న కొన్నదానికి పేరేంటండీ, నా మొహం!"

ఆయన స్క్రీన్ వైపు వంగారు. "అమ్మ పేరు పెట్టినం గదా. గది కొట్టి సూడుండ్రి."

రెండక్షరాలు కొట్టాను కూడా. మూడో అక్షరం మీద వేలు ఆగిపోయింది. ఆ పేరు పెట్టింది పాతదానికి కదా! అన్నీ వదిలేసి 'ఇ'లో ఏముందో చూశాను. పైన ఆమె పేరు, కింద ఆమె పాటలు. పేరున్న అర కాబట్టే తుడిచేముందు ఆ పేరు అడిగింది. 'డి' చూస్తే ఖాళీ. కొత్త డిస్కు చేరగానే మెషీన్ 'డి'ని దానికిచ్చి, పాటల అరను 'ఇ'కి జరిపింది. 'డి', 'ఇ' అనే ఆ అక్షరాలు బోరింగు దగ్గర వరుసలో చోటులాంటివే. మధ్యలో ఇంకో బిందె దూరితే చోటు మారుతుంది. పేరు మాత్రం ఎక్కడికీ పోదు. కోర్సులో నాకెవరూ చెప్పని ఈ సంగతి అక్షరం ముక్క రాని ఆమెకు ఎలా తట్టిందో!

"సారూ, అవ్వ పాటలన్నీ తుడిచేయబోయాను," అన్నాను.

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, స్క్రీన్ మీద ఆ పేరున్నచోట వేలు పెట్టి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా మెల్లగా తడిమారు.

"గిది అమ్మ బిందెనే, మేడం," అన్నారు.