పన్నుతో పోయిన ప్రోగ్రామింగ్

ఆ రోజుల్లో మా కొండల మీదికి ఏదైనా ఆలస్యంగానే వచ్చేది. పేపరు మర్నాడొచ్చేది. సినిమా రీలు కింద ఊళ్ళన్నీ తిరిగి, గీతలు పడి, కథానాయకుడి ముఖం మీద సన్నగా వాన కురవడం మొదలయ్యాక వచ్చేది. మామిడిపళ్ళు విజయనగరం వాళ్ళు తిని తిని మొహం మొత్తాక లారీ ఎక్కేవి. అలాంటి చోటికి, ఎదుటివాడి బుర్రలో దూరి మీటలు తిప్పే విద్య మాత్రం తిన్నగా బొంబాయి నుంచి, కంపెనీ ఖర్చు మీద వచ్చేసింది. ఎంతో పుణ్యం చేసుకుంటే గాని దొరకని అవకాశం అన్నారు పర్సనెల్ డిపార్టుమెంటు వాళ్ళు. ఆ పుణ్యం నేను చేసుకున్నాను. ఎందుకంటే ఆ వారం నా మిషను రిపేరులో ఉంది. (శిక్షణకి మనుషుల్ని ఎంపిక చేసే పద్ధతి అదే. పని ఉన్నవాణ్ణి పనికీ, పని లేనివాణ్ణి వికాసానికీ పంపేవారు.)

ఎనభైల చివరి మాట ఇది. కొరాపుట్ దగ్గర ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో నేను లేత్ మిషను మీద టర్నర్‌ని. నోటీసు బోర్డు మీద ఆ విద్య పేరు అంటించారు: న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్. మా ఫోర్‌మన్‌ది పార్వతీపురం, అందరం ఆయన్ని బాబాయి అనేవాళ్ళం. ఆయన కళ్ళజోడు పైకి తోసి చదివి, "ఇదేటిరా, పేరే గూడ్సు బండిలాగుంది. ఇంజనెక్కడో బ్రేకు వేనెక్కడో తెల్డం లేదు" అన్నాడు. ప్రోగ్రామింగ్ అన్న మాట చూసి గుమస్తాలు కంప్యూటర్ వచ్చేస్తోందని బెంగపడ్డారు. న్యూరో అన్న మాట చూసి క్యాంటీన్ వాళ్ళు నరాల జబ్బుల క్యాంపు అనుకున్నారు. వాళ్ళలో ఒకాయన నడుం పట్టుకుని వచ్చి హాలు బయట నిలబడ్డాడు కూడా. యూనియన్ వాళ్ళ లెక్క ఇంకోటి: ఇది హిప్నాటిజం, మనల్ని నిద్రపుచ్చి ఓవర్‌టైముకి ఒప్పిస్తారు. ఆ మాట నమ్మి బాబాయి భార్య ఆయన చొక్కా జేబులో నిమ్మకాయ పెట్టి పంపింది. (హాల్లోకి వెళ్ళి చూస్తే ఇంకా చాలా జేబులు గుండ్రంగా ఉన్నాయి.) పాపం, బొంబాయి నుంచి వచ్చినాయన ఎవర్నీ నిద్రపుచ్చే ప్రయత్నం చెయ్యలేదు. అది మధ్యాహ్న భోజనం తరవాత దానంతటదే జరిగింది.

ఆయన చెప్పిందేమిటంటే, అమెరికాలో భాషాశాస్త్రం తెలిసిన ఒకాయనా, ఒక కుర్ర విద్యార్థీ కలిసి, మనసు బాధల్ని మాటలతో నయం చేసే పేరున్న వైద్యులు ఎలా కూర్చుంటారు, ఏ మాట ఎలా అంటారు అని గమనించి, ఆ పద్ధతులు రాసిపెట్టారట. న్యూరో అంటే మన చూపూ వినికిడీ నరాలూ, లింగ్విస్టిక్ అంటే మన మాట, ప్రోగ్రామింగ్ అంటే అలవాటైపోయిన ఆలోచనా తీరు. మాట మారిస్తే తీరు మారుతుంది, తీరు మారితే మనిషి మారతాడు. ఇంతవరకూ వినడానికి బాగానే ఉంది. ఆయన ఇక్కడ ఆగలేదు. మనిషి కళ్ళు ఎటు తిరిగాయో చూసి అబద్ధం పట్టెయ్యొచ్చన్నాడు. బాబాయిని ముందుకి పిలిచి, హిందీలో, రాత్రి ఏం తిన్నారని అడిగాడు. బాబాయి కళ్ళు పైకి, కుడి పక్కకి వెళ్ళాయి. "చూశారా, కల్పిస్తున్నాడు" అన్నాడాయన మా అందరి వైపూ తిరిగి. బాబాయి నిదానంగా, "కల్పించడమేటండి, ఆ ఫేను ఊగుతోంది. మీ నెత్తి మీద పడతాదేమోనని సూస్తన్నాను" అన్నాడు. ఎవరో దాన్ని హిందీలోకి మార్చి చెప్పారు. బొంబాయి ఆయన కుర్చీ జరుపుకున్నాడు గాని సిద్ధాంతం జరపలేదు.

నేను మాత్రం రెండు విద్యలు గుండెకి హత్తుకున్నాను. మొదటిది, ఎదుటివాడు ఎలా కూర్చుంటే అద్దంలో బొమ్మలాగా మనమూ అలాగే కూర్చోవడం, వాడి గొంతు ఎంతుంటే మన గొంతూ అంతే ఉంచడం. అలా చేస్తే వాడు మనవాడైపోతాడట, తరవాత ఏమడిగినా కాదనలేడట. రెండోది, ధైర్యంగా ఉన్న క్షణాన్ని తలుచుకుంటూ పిడికిలి మీద ఒకచోట నొక్కి పెట్టుకోవడం. మళ్ళీ అక్కడ నొక్కితే చాలు, ధైర్యం కుళాయిలో నీళ్ళలా వచ్చేస్తుందట. (మా టౌన్‌షిప్ కుళాయిలు ఎరిగినవాణ్ణి, ఆ పోలిక దగ్గరే అనుమానపడి ఉండాల్సింది.)

ఇంత శ్రద్ధ నాకెందుకంటే, టౌన్‌షిప్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే అమ్మాయి కోసం. మేమిద్దరం పెళ్ళి చేసుకుందామనుకున్నాం. ఆ అమ్మాయి తండ్రి రాయగడలో గూడ్సు గార్డు. రైల్వే వాడికి తప్ప పిల్లనివ్వనని ఆయన నలుగురిలో అన్న మనిషి. పైగా బొబ్బిలి నుంచి ఒక బుకింగ్ క్లర్కు సంబంధం వస్తోంది. ఎక్స్ఛేంజి అమ్మాయి నాకు చెప్పాల్సింది చెప్పింది. "మా నానకి మీరే వచ్చి సెప్పండి. తిన్నగా, మీ నోటితో. ఇంకేటీ వద్దు." ఇంత పాతకాలపు పద్ధతి విని జాలిపడ్డాను. చేతిలో బొంబాయి విద్య ఉండగా నోటితో పనేమిటి?

ఆదివారం పొద్దున్నే లక్ష్మీపూర్ ఘాటీ కొండదారి మీదుగా రాయగడ వెళ్ళే బస్సెక్కాను. రైల్వే క్వార్టర్స్‌లో గార్డుగారు వరండాలో కుర్చీ వేసుకుని, ఎడం చెంప అరచేత్తో పట్టుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. అమ్మాయి పనిచేసే చోట నేనూ పనిచేస్తానని చెప్పి, ఎదురుగా కూర్చుని, కాలు మీద కాలేసి, అద్దంలో బొమ్మ కదా, కుడి చెంప పట్టుకున్నాను. ఆయన మూతి ఒక పక్కకి పెట్టి, "ఎండలు బాగున్నాయి" అన్నారు. నేనూ మూతి పక్కకి పెట్టి, "బాగున్నాయండి" అన్నాను. ఆయన దగ్గారు. నేను దగ్గాను. కాసేపు నా వంక చూసి, "ఏటి బాబూ, నీక్కూడా పన్నేటి?" అన్నారు.

ఇక్కడ లేదండీ అని ఉంటే కథ అయిపోయేది. కాని కుదిరిన స్నేహాన్ని ఒక్క 'లేదు'తో తెంచకూడదని బొంబాయి ఆయన గట్టిగా చెప్పాడు. "అవునండి" అన్నాను. "బాగా నొప్పెడతందా?" "మీకెంతో అంతేనండి." గార్డుగారి ముఖం వికసించింది. విద్య పనిచేస్తోందని నాకు ఒళ్ళు పులకరించింది. "అయితే లే. బజారులో పళ్ళాయన ఉన్నాడు. ఒక్కణ్ణీ ఎల్లడానికి మనసొప్పక కూకున్నాను. ఇద్దరవైతే ధైర్నంగా ఉంటాది" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. నేనూ పెట్టాను. దారి పొడుగునా ఆయన అడుగులో అడుగు వేస్తూ, ఇంకా కొంచెం స్నేహం ముదిరాక అడుగుదాం, ఆ మలుపు దాటాక అడుగుదాం అనుకుంటూ నడిచాను. ఆయన మధ్య మధ్య ఆగి, "ఏటైనా సెప్పాలా?" అన్నారు. నేనూ ఆగి, "మీరేమైనా చెప్పాలాండి?" అన్నాను. ఆయన నిట్టూర్చారు. నేనూ నిట్టూర్చాను.

పళ్ళాయన కొట్టు పెద్దదేమీ కాదు. అద్దాల బీరువాలో నవ్వుతున్న కట్టుడు పళ్ళు, ఒక చెక్క కుర్చీ, పక్కన బకెట్టు. "కుర్రోడు ముందు" అన్నారు గార్డుగారు ఉదారంగా. నేను కుర్చీ ఎక్కాను. "కేఉఁ దాంతొ?" అన్నాడాయన ఒడియాలో. ఏ పన్నని చెప్పను? కుడి పక్క అని చెయ్యి చూపించాను. ఆయన ఇనప పుల్లతో ఒక్కొక్క పన్నూ కొట్టుకుంటూ వచ్చాడు. నాకు భయమేసి పిడికిలి మీద ధైర్యం పెట్టుకున్న చోట గట్టిగా నొక్కాను. సరిగ్గా అదే క్షణంలో ఆయన పుల్ల ఒక దవడ పన్ను మీద ఉంది. నా పిడికిలి చూసి, నొప్పి ఇక్కడేనని తల ఆడించి, సూది గుచ్చి, పట్టకారు అందుకున్నాడు. (మందు పూర్తిగా ఎక్కేదాకా ఆగే ఓపిక ఆయనకి లేదు.) నేను వేసిన కేకకి పక్క కొట్టు వాడు వచ్చి చూసి వెళ్ళాడట. మా తాతల నాటి గట్టి పన్ను, మచ్చలేని పన్ను, బకెట్టులో టంగుమంది. తరవాత గార్డుగారి వంతు. ఆయన లేచి నిలబడి, దవడ ఇటూ అటూ ఆడించి చూసుకుని, "నాకు తగ్గిపోనాది" అన్నారు.

నోటి నిండా దూది. అడగాల్సిన మాట దూది వెనకాలే ఉండిపోయింది. గార్డుగారు నా భుజం పట్టుకుని బస్టాండు దాకా వచ్చి, కిటికీ పక్కన కూర్చోబెట్టి వెళ్ళిపోయారు. మర్నాడు ఎక్స్ఛేంజి అమ్మాయి మా వర్క్‌షాపు ఫోనుకి చేసి, ఏమన్నారని అడిగింది. "మ్మ్" అన్నాను. "మీరేమన్నారు?" "మ్మ్." "ఫోను పెట్టీండి" అంది.

నా చెంప బూరెలా ఉబ్బి ఉన్న ఆ వారంలోనే గార్డుగారు మా టౌన్‌షిప్‌కి వచ్చారు. బాబాయి ఇంట్లో కూర్చోబెట్టాం. నాకు ఇక విద్య మీద ఓపిక లేదు. నొప్పి ఎటు తక్కువగా ఉంటే అటు వాలి కూర్చున్నాను. ఆయన కాలు మీద కాలేసుకున్నారు. నేను వెయ్యలేదు. "అండీ," అన్నాను ముద్దముద్దగా, "మీ అమ్మాయిని నాకిచ్చి చెయ్యండి. రైల్వే వాణ్ణి కాను. కాని బాగా చూసుకుంటాను."

"అద్గదీ," అన్నారాయన. "ఈ ముక్క ఆదివారమే అనీసుంటే పన్ను మిగిలును గదా. మా అమ్మి నాకు ముందే సెప్పీసింది. బొబ్బిలోలని రావద్దని కబురెట్టీసేను. కుర్రోడొస్తాడు, అడుగుతాడు, సరే అనీద్దుమని వరండాలో కూకుంటే, నువ్వొచ్చి నాలాగ సెంప పట్టుకున్నావు."

"నాకు నొప్పి లేదని మీకు తెలుసాండి?"

"దగ్గితే దగ్గేవు, కాలేస్తే కాలేసేవు, తెల్దేటి? ఇప్పుడడుగుతాడు, ఈ మలుపులో అడుగుతాడని సూసేను. కుర్సీ ఎక్కేకైనా అడుగుతావనుకున్నాను. నోరు తెరిసేవు గానీ, అడగలేదు."

బాబాయి లోపలికి వెళ్ళి చాలాసేపు మంచినీళ్ళు తాగి వచ్చాడు. భుజాలు ఇంకా ఊగుతున్నాయి.

పెళ్ళయింది. ఆ తరవాత చాలా ఏళ్ళకి ఆ విద్య గురించి కాస్త కుదురుగా చదివాను. అది కంప్యూటర్ కాదు, నరాల వైద్యం కాదు, నిమ్మకాయకి లొంగే మంత్రమూ కాదు. ఎదుటివాణ్ణి శ్రద్ధగా గమనించమనీ, ఆలోచించి మాట్లాడమనీ చెప్పినంతవరకూ మంచి సలహాయే. ఆ సలహా మా అమ్మ కూడా ఇచ్చింది, సర్టిఫికెట్టు మాత్రం ఇవ్వలేదు. కళ్ళు చూసి అబద్ధం పట్టడం మాటకొస్తే, పరీక్షించి చూసినవాళ్ళకి అలాంటిదేమీ కనిపించలేదట. శాస్త్రమని చెప్పుకున్నంత శాస్త్రమేమీ అందులో దొరకలేదట. ఇప్పుడు అదే సరుకు ఇంకా పెద్ద హోటళ్ళలో, ఇంకా నున్నటి ఇంగ్లీషులో అమ్ముతున్నారని విన్నాను. హాళ్ళు నిండుతున్నాయట. నిండనీ. మనసు విప్పి ఒక మాట అడగడమంటే మనుషులకి ఎంత భయమో నాకు తెలుసు.

నాకిప్పుడు గుర్తొచ్చేది పళ్ళాయన కుర్చీ కాదు, ఆ సాయంత్రం బస్సు. లక్ష్మీపూర్ ఘాటీ ఎక్కుతుంటే కిటికీ పక్కన ఒక కుర్రాడు, నోట్లో దూది, చొక్కా మీద నెత్తురు చుక్కలు. అడగాల్సింది అడగలేదు, ఉన్న పన్ను పోయింది, అయినా ముఖం వెలిగిపోతోంది. గార్డుగారు భుజం పట్టుకుని నడిపించింది తను తూలిపోతున్నందుకని వాడికి తెలియదు. ఆయన మనసు గెలిచేశానని, విద్య పండిందని, ఇక అడగడమే తరువాయి అని వాడు కొండల వంక చూసి వంకరగా నవ్వుకుంటున్నాడు. అంత నమ్మకం నాకు మళ్ళీ దేని మీదా కలగలేదు. వాడి పక్క సీటు ఖాళీగానే ఉంది. కూర్చుని అసలు సంగతి చెప్పెయ్యవచ్చు. నాకు మనసొప్పదు. కొరాపుట్ వచ్చేదాకా వాణ్ణలా ఉండనిస్తాను.